పళ్ళాయన కట్టిన పైలట్ పడవ

ఒక పడవ నీళ్ళలోకి దిగాక, ఇంకో పడవకి మొదటి చెక్క కోసే లోపు పళ్ళాయనకి ఎప్పుడూ మూడు ఆదివారాలు పట్టేది. ఆ మూడు ఆదివారాలూ ఇంట్లోవాళ్ళకి భోజనాల బల్ల దక్కేది కాదు. పొద్దున టీ గ్లాసులు తియ్యగానే చాప చుట్టల్లా ఉండే పడవల ప్లాన్ల కాగితాలు విప్పి, నాలుగు మూలలా నాలుగు పళ్ళ సెట్లు బరువుగా పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని కూర్చునేవాడు. భార్యా ఆయనా కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళు.

ఆయన పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే పనివాడు. ఇంటి వెనక గదిలో సున్నపు అచ్చులూ, మైనం, సన్నటి డ్రిల్లూ పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు నిలబెడుతున్నాడు. వీధిలో అందరికీ పళ్ళాయనే. 'పళ్ళాయన ఇల్లు ఇదేనా' అంటూ కొత్తవాళ్ళు సంచీ పట్టుకుని తలుపు కొట్టడం, 'అరటిపళ్ళు లేవండీ, దవడపళ్ళే ఉన్నాయి' అని భార్య చెప్పి పంపడం మామూలే.

పని అయ్యాక అదే డ్రిల్లుతో పడవలు చేసేవాడు. గూట్లో పెట్టుకునే బొమ్మలు కావవి. మనిషి నిలువంత పొడవు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనంత బరువు. లోపల మోటారూ బ్యాటరీలూ, చేతిలో రిమోటూ. పార్కు చెరువులో వదిలితే అల మీద ఎగిరిపడకుండా నిజం ఓడలాగే నింపాదిగా వంగి లేచేవి. అన్నీ కష్టపడే పడవలే. షికారు పడవలంటే ఆయనకి గిట్టదు. 'తిని కూర్చునే పడవకి నేనెందుకు చాకిరీ చెయ్యాలి' అనేవాడు. ఒక్కో పడవకి ఏడాది, ఏడాదిన్నర. అందుకే ఎంచుకోవడమంటే పెళ్ళి సంబంధం చూసినంత ఆలోచన.

పైగా ఆ ఆలోచన ఆయనొక్కడిదీ కాదు, వీధి మొత్తానిది. ఆయన ఏ పడవ కడితే ఆ పడవ పని ఇంట్లోనూ చుట్టుపక్కలా జరిగేది మరి. బురద తోడే పడవ కట్టిన ఏడాది, ఎప్పుడో పోయిన వస్తువులన్నీ మంచాల కిందినుంచీ తూముల్లోంచీ పైకొచ్చాయి. పక్కింటి లెక్కల మాస్టారికి పద్దెనిమిదేళ్ళనాటి ఉంగరం దొరికింది. చేపలు పట్టే పడవ కట్టినప్పుడు బకెట్లో నీళ్ళు పడితే రెండు మూడు చేపలు పడేవి, ఊళ్ళో పిల్లులన్నీ వాళ్ళ గోడ మీదే కాపురం పెట్టాయి. రేవు దాటించే పడవ కట్టినప్పుడైతే చుట్టాలు దిగిన వాళ్ళు దిగినట్టే ఉన్నారు. పళ్ళాయన భార్య మందుల షాపులో పని చేసి వచ్చి, రోజూ పన్నెండు మందికి వండి, చివరికి ఆ పడవని ఊరి లైబ్రరీకి దానమిప్పించింది. ఇప్పుడు అక్కడ కుర్చీలు చాలడం లేదట.

'ఈసారి చుట్టాల్ని తెచ్చేది మాత్రం వద్దు మహాప్రభో' అందావిడ, ఒళ్ళో కంచం పెట్టుకుని. 'మనుషుల్ని కాపాడే పడవ ఉంటుంది కదా, లైఫ్ బోటు. అది కట్టండి.'

ఎవరిని కాపాడాలో ఆవిడ చెప్పలేదు. మేడ మీద గదివైపు ఒకసారి చూసి ఊరుకుంది.

మేడ మీద ఆవిడ తమ్ముడు ఉంటున్నాడు. బస్సు డ్రైవరు. అప్పటికి నాలుగు నెలల కిందట, వాన పడుతున్న ఒక సాయంత్రం, నూలు మిల్లు మలుపులో అతని బస్సు సైకిలు మీద పోతున్న పోస్ట్‌మాన్‌ని గుద్దింది. ప్రాణం పోలేదు. తుంటి విరిగింది, ముందు పళ్ళు ఆరు ఊడిపోయాయి. సైకిలుకి లైటు లేదని, బస్సు నెమ్మదిగానే వస్తోందని, డ్రైవరు తప్పేమీ లేదని విచారణలో తేలింది. ఆ కాగితం పట్టుకుని అతను అక్క ఇంటికొచ్చి, మేడెక్కి, మళ్ళీ దిగలేదు. డిపోనుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది. విప్పలేదు. పోస్ట్‌మాన్‌ని చూడ్డానికి ఆస్పత్రికీ వెళ్ళలేదు. మూడుసార్లు చొక్కా వేసుకున్నాడు, మూడుసార్లూ విప్పేశాడు.

'లైఫ్ బోటు దేనికమ్మా' అన్నాడు లెక్కల మాస్టారు. ఆయన ఆదివారం పొద్దున్నే వచ్చి పేపరూ పడవల కాగితాలూ రెండూ చదివి గానీ వెళ్ళేవాడు కాదు. 'మొండికేసిన ఓడని లాగే పడవ కావాలి మీకు. టగ్గు. ఇంతుంటుంది, కొండంత ఓడని బరబరా లాక్కొచ్చేస్తుంది.'

పళ్ళాయనకి టగ్గంటే మొదటినుంచీ మనసే. పొట్టి మెడ, బలిసిన భుజాలు, చుట్టూ టైర్లు. పైగా పొడవు తక్కువ, గది తలుపులోంచి బయటికి తేవచ్చు. 'సరే, టగ్గే' అన్నాడు.

టగ్గుకి పక్కటెముకల్లాంటి చెక్కలు నిలబెట్టిన వారానికే మేడ మీద మంచం జానెడు జరిగింది. పలకలు వేసిన కొద్దీ రోజుకింత తలుపువైపు వచ్చింది. గచ్చు మీద మంచంకోళ్ళు నాలుగు గీతలు గీశాయి. అక్క ఊడ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ గీతలు చూసి మనసులో సంతోషపడేది. తమ్ముడు మాత్రం చిక్కిపోయాడు. అన్నం సగం వదిలేసేవాడు. రెండు చేతులూ కిటికీ ఊచలకి పెనవేసి పడుకునేవాడు.

రెండో నెల చివర పళ్ళాయన మోటారు బిగించి, పెరట్లో సిమెంటు తొట్టిలో పడవ నిలిపి, మీట కొంచెం ముందుకి తోశాడు. పైన దభీమని చప్పుడైంది. పరిగెత్తుకుని వెళ్ళేసరికి మంచం గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుపోయి ఉంది. బావమరిది ఒక చేత్తో ఊచ పట్టుకుని, ఒళ్ళంతా సాగదీసినట్టు వేలాడుతున్నాడు. అరచేతుల తోలు లేచిపోయింది.

'బావా, లాగకు' అన్నాడు. 'తెగిపోతుంది.'

'ఏం తెగుతుందిరా?'

'తెలీదు. ఏదో తెగుతుంది. లాగకు బావా.'

పళ్ళాయన కిందికెళ్ళి మీట వెనక్కి తీశాడు. ఆ సాయంత్రమే మోటారు విప్పేశాడు. రెండు నెలల పని, బోర్లించి అటక మీద పెట్టేశాడు. 'ఇంకో నాలుగు రోజులు లాగితే దిగేవాడు కదయ్యా' అని మాస్టారు నసిగితే, 'దిగేవాడండీ, ముక్కలుగా' అన్నాడు. ఆవిడ తమ్ముడి చేతులకి మందు రాసింది. టగ్గు కడుతుంటే సంతోషపడినందుకు తన మీద తనకే కోపంగా ఉంది ఆవిడకి.

తరవాతి ఆదివారం పళ్ళాయన కాగితాలన్నీ చంకలో పెట్టుకుని మేడెక్కాడు. మంచం మీద పరిచేశాడు.

'నాకు తోచినది కట్టాను, బెడిసికొట్టింది. ఈసారి నువ్వే చెప్పు. ఏది కట్టమంటావు?'

'నాకేం తెలుసు బావా పడవల గురించి.'

'నాకు మాత్రం పెళ్ళి గురించి ఏం తెలుసని మీ అక్కని కట్టుకున్నాను? చూడు.'

బావమరిది నోట్లో నవ్వులాంటిదేదో కదిలి ఆగిపోయింది. ఒక్కో కాగితం తిప్పాడు. లైఫ్ బోటు దగ్గర ఆగి, 'ఇది మునిగేవాళ్ళకి కదా. నేను మునగలేదు బావా. ఆగిపోయాను, అంతే' అన్నాడు. మంటలార్పే పడవ చూసి, 'ఇది కడితే అక్క బట్టలు ఆరవు' అన్నాడు. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న పడవ ఒకటుంది. ముందు ఒక గది, వెనక ఖాళీ, చుట్టూ పట్టుకోడానికి కమ్మీ.

'ఇదేంటి? ఏమీ లేదేంటి ఇందులో?'

'పైలట్ పడవ. రేవు దగ్గర నీళ్ళ కింద ఇసక తిన్నెలుంటాయి, రాళ్ళుంటాయి. కొత్త ఓడకి తెలీవు. అవి తెలిసిన మనిషిని, పైలట్‌ని, ఓడ దగ్గరికి తీసుకెళ్తుంది ఇది. అంతే దీని పని.'

'ఆయనొచ్చి ఓడ నడుపుతాడా?'

'నడపడు. పక్కన నిలబడతాడు. ఎక్కడ తిప్పాలో చెప్తాడు. చక్రం ఓడవాళ్ళ చేతిలోనే.'

'ఇంత కిందనించి అంత పైకి ఎలా ఎక్కుతాడు?'

'ఓడవాళ్ళు నిచ్చెన వేస్తారు. వాళ్ళు వెయ్యకపోతే ఎక్కలేడు.'

బావమరిది ఆ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. మడత పడిన మూల వేలితో సాఫు చేశాడు. 'ఇది కట్టు' అన్నాడు.

వీధిలో ఎవరికీ నచ్చలేదు. 'ఎండలు ముదురుతున్నాయి, మంటలార్పేది కడతారనుకున్నాం' అన్నారు. 'చేప లేదు, ఉంగరం లేదు. పైలట్ పడవతో ఎవరికి లాభమయ్యా?' అన్నాడు మాస్టారు. పళ్ళాయన పట్టించుకోలేదు. చిన్న పడవ కాబట్టి రెండు నెలలకే పలకలు వేసే రోజు వచ్చింది. ఆవిరి పట్టి వంచిన పలక జిగురు ఆరేదాకా ఇద్దరు పట్టుకోవాలి. మాస్టారి చేతులు వణుకుతాయి. పళ్ళాయన మేడ మెట్ల కింద నిలబడి, 'పడవ నీది, పలక నాదా? రా' అని కేకేశాడు. కొంచెం సేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆవిడ వంటగదిలోంచి తల బయటికి పెట్టి, మళ్ళీ లోపలికి తీసేసుకుంది. చూస్తే ఎక్కడ వెనక్కి పోతాడోనని.

అలా రోజూ గంటసేపు దిగి, పలక పట్టుకుని, మళ్ళీ మేడెక్కేవాడు. నెల తిరిగింది.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ చెరో చివర పలక నొక్కిపట్టుకుని ఉండగా వీధి తలుపు చప్పుడైంది. చేతికర్ర పట్టుకుని ఒక నడివయసు మనిషి వచ్చాడు. నెలరోజులుగా చినుకు లేదు, అయినా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఉప్పు వాసన వేస్తోంది. ఆ ఊరికి సముద్రం ఒక పగటి ప్రయాణం దూరం. పళ్ళాయన భార్య ఏమీ అడక్కుండా తువ్వాలు తెచ్చిచ్చింది.

'డాక్టరుగారు పంపారు. దవడ ఇప్పటికి మానింది. మిగతా పళ్ళ రంగు చూసి కొత్తవి చెయ్యమన్నారు మిమ్మల్ని' అన్నాడాయన. 'స' వచ్చినచోటల్లా ఈల వేస్తున్నట్టుంది.

బావమరిది మొహం సున్నపు అచ్చులా తెల్లబడింది. పారిపోదామంటే చేతులు పలక మీద ఉన్నాయి. వదిలితే పలక ఎగిరి బావ మొహాన కొడుతుంది. పట్టుకునే నిలబడ్డాడు. పోస్ట్‌మాన్ కళ్ళు చిట్లించి చూశాడు.

'నువ్వే కదూ?'

'నేనే.'

పోస్ట్‌మాన్ కుర్చీ లాక్కుని, తుంటి సర్దుకుని కూర్చున్నాడు.

'తొమ్మిది నెలల్నించీ నీకు దాచిపెట్టాను అబ్బాయ్, బండెడు తిట్లు. కానీ ఈ నోటితో తిడితే గాలి తప్ప ఏమీ రాదు. పళ్ళు కట్టించుకుని వచ్చి తిడతాను. ఉంటావా? మళ్ళీ మాయమవుతావా?'

'ఉంటాను' అన్నాడు బావమరిది.

పళ్ళాయన ఆ ఆరు పళ్ళూ ఎంత శ్రద్ధగా చేశాడో, అంత శ్రద్ధగా తన పెళ్ళి ఫొటోకి కూడా తల దువ్వుకోలేదని భార్య తరవాత అందరికీ చెప్పేది. వారం పట్టింది. ఆ వారం రోజులూ బావమరిది గంటకి బదులు పూటంతా కిందే ఉన్నాడు. పడవ గదికి నారింజ రంగు వేశాడు. పడవా, పళ్ళూ ఒకే రోజు పూర్తయ్యాయి.

పోస్ట్‌మాన్ పళ్ళు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, రెండుసార్లు దవడ ఆడించి, తిరిగాడు. బావమరిది ఎదురుగా వచ్చి చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు.

'ఎందుకు రాలేదురా?' అన్నాడు పోస్ట్‌మాన్. ఒక్క అక్షరం కూడా ఈల కాలేదు. 'సైకిలుకి లైటు లేనిది నాకు తెలీదా? గుద్దినందుకు కాదురా. ఆస్పత్రిలో తలుపు తెరుచుకున్నప్పుడల్లా నువ్వేమోనని చూశాను. మొదటి నెల తిడదామని చూశాను. రెండో నెల మాట్లాడదామని. మూడో నెల ఎందుకు చూస్తున్నానో నాకే తెలీదు, మెడ దానంతటదే తిరిగేది. ఒక్కసారి వచ్చి కనపడితే నీ సొమ్మేం పోయింది?'

'ఏం మొహం పెట్టుకుని రమ్మంటారు?'

'ఉన్న మొహమే! నేనేమైనా కొత్తది అడిగానా?'

బావమరిది ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చాడు. పళ్ళాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, అప్పటికే శుభ్రంగా ఉన్న డ్రిల్లుని మళ్ళీ తుడిచాడు. పోస్ట్‌మాన్ గొంతు తగ్గించాడు.

'నాకింక సైకిలు పనికిరాదు. ఉత్తరాలు పంచాలంటే మీ బస్సే గతి. కానీ బస్సు కనపడితే చాలు, కాళ్ళు వణికి చెమట్లు పడుతున్నాయి. ఎన్నిసార్లు స్టాపుదాకా వెళ్ళి వెనక్కొచ్చానో. నీ బస్సయితే ఎక్కుతానేమో అనిపిస్తోంది. ఒకసారి గుద్దినవాడివి రెండోసారి గుద్దవు కదా. డ్యూటీ ఎప్పుడెక్కుతావు?'

బావమరిది మేడెక్కి, డిపో ఉత్తరాలు రెండూ తెచ్చి, బావ మైనం కోసే కత్తితో విప్పాడు.

పన్నెండో రోజు పొద్దున ఏడింటి బస్సు డిపోలోంచి కదిలింది. పోస్ట్‌మాన్ ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని, డ్రైవరు సీటు పక్క కమ్మీ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు సీటు చూపించినా కూర్చోలేదు. ఇద్దరికీ చెమటలే. మిల్లు మలుపుకి వంద గజాల ముందు బస్సు వేగం నడక కన్నా తగ్గిపోయింది. వెనకనించి హారన్లు మొదలయ్యాయి.

'ఇరవై రెండేళ్ళు తొక్కాను ఈ మలుపు' అన్నాడు పోస్ట్‌మాన్, ముందుకే చూస్తూ. 'ఎడమ పక్క గుంట ఉంది, దానికి దూరంగా పో. ఆ... ఇప్పుడు గోడ చాటునించి ఒక బండి వస్తుంది, ఆగు. పోనీ దాన్ని. ఇప్పుడు తిప్పు. నెమ్మదిగా. ఇంకొంచెం.'

బావమరిది స్టీరింగు తిప్పాడు. మిల్లు గోడ పక్కకి జరిగింది, ముందు తిన్నటి రోడ్డు కనపడింది. గేరు మార్చాడు. కాసేపటికి తల తిప్పి చూస్తే పక్కన ఎవరూ లేరు. అద్దంలో వెతికాడు. పోస్ట్‌మాన్ మూడో వరసలో కిటికీ పక్కన కూలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తొమ్మిది నెలల నిద్ర.

ఆయన దిగాల్సిన స్టాపు వచ్చింది. బావమరిది హారన్ కొట్టలేదు. బ్రేకు వేసి, ఇంజను ఆపి, సీట్లోంచి లేచి వెనక్కి నడిచి, ఆయన భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

'అన్నా' అన్నాడు. 'వచ్చేశాం.'