ఖాళీ మేకు మీద కుళ్లు

నేను ఒక గోడ గడియారాన్ని. ఎక్కడో కార్ఖానాలో బిగించి, అట్టపెట్టెలో మూసి చీరాల బజారుకు పంపారు. అక్కడ నన్ను ఏరి కొన్నది మీరాబీ. దర్జీ నాగూర్‌వలిని మనువాడి వచ్చిన కొత్త రోజులవి. దుకాణంలో నడిచే గడియారం లేదని, కుట్టుమిషనుకు కుడివైపు గోడ మీద, తను కూర్చునే స్టూలుకు సరిగ్గా పైన నన్ను తగిలించింది.

నా ముఖం పెద్దది, అంకెలు నిగనిగలాడేవి. వీధిలో పోయేవాళ్లు సైతం ఆగి నన్ను చూసి టైము సరిచేసుకునేవారు. నాగూర్‌వలి మాత్రం చూడడు! టైము కావలసివస్తే తల ఎడమకు, గుమ్మం పక్కకు తిప్పుతాడు. అక్కడున్నది ఒక ఖాళీ మేకు. ఒకప్పుడు దానికి పాత గడియారం వేలాడేదట. దాని కింద చాప మీద మొదటి భార్య సైదాబీ కూర్చుని గుండీలు కుట్టేదట. ఆవిడ కాలం చేసింది, గడియారమూ ఆగిపోయింది. ఆయన చూపు మాత్రం అక్కడే ఉండిపోయింది. మేకును చూసి, నాలుక కరుచుకుని, అప్పుడు నావైపు తిరిగేవాడు.

నాకు ఒళ్లు మండేది. నాకంటే అందమైన గడియారం మీద అసూయపడినా కొంత పరువుండేది. నా ఖర్మకు తుప్పుపట్టిన మేకు దొరికింది.

మీరాబీకీ అదే మంట. కుట్టడం పూర్తయిన చొక్కాను ఆయన గుండీల కోసం తలెత్తకుండా గుమ్మం వైపే చాచేవాడు. ఆమె లేచి వెళ్లి అందుకునేది. ఒక వానరోజు ఆమె లేచేలోపే చెయ్యి వదిలేశాడు. ఎవరో పెళ్లికొడుకు కుట్టించుకుంటున్న తెల్లచొక్కా గుమ్మంలో బురదలో పడింది.

"ఎవరికిచ్చావయ్యా అది?" అంది మీరాబీ.

"కావాలని కాదే. చెయ్యి అటే పోద్ది."

"కన్నూ అటే పోద్ది. నేను చూట్టంలా? మా అమ్మోళ్లింటికి పోతా, నువ్వు ఆ మేకుతోనే కాపురం చేసుకో."

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన కాలేజీ మేడం ఇందుమతి, మనస్తత్వశాస్త్రం చెప్పే మనిషి, ఉండబట్టలేక కల్పించుకుంది. "అతని తప్పు కాదమ్మా. కావలసింది ఇన్నేళ్లూ ఎక్కడ దొరికిందో మెదడుకు గుర్తు. మనం అనుకునేలోపే చూపును అటు తోసేస్తుంది. కొత్తచోట మళ్లీ మళ్లీ దొరికితే, అదీ నేర్చుకుంటుంది."

"అయితే ఆ మేకు పీకేత్తా," అని లేచాడు నాగూర్‌వలి.

"పీకితే బొక్క కేసి చూత్తావు," అంది మీరాబీ. "ఆమె చాప మీద నేను కూర్చోను. నువ్వే ఇటు తిరగాల."

చొక్కా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసింది. పుట్టింటికి పోలేదు. ఆయన మెడ ఎడమకు కదిలినప్పుడల్లా కత్తెరతో స్టూలు మీద కొట్టి "ఇటు!" అనేది. ఒక్కోసారి ఆయన విసుక్కునేవాడు, ఒక్కోసారి ఆమె కళ్లు తుడుచుకుంటూ కొట్టేది. నెలలు గడిచాయి. సగం తిరిగిన మెడ దానంతటదే ఆగడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం కత్తెర మోగలేదు. మీరాబీ సూదికి దారం ఎక్కిస్తోంది. నాగూర్‌వలి చూపు తిన్నగా కుడివైపుకు వచ్చింది. నా ఆనందం చెప్పలేను! కానీ ఆ చూపు నాకు జానెడు కిందే ఆగిపోయింది.

"ఏంది?" అంది మీరాబీ తలెత్తి.

"ఏం లేదు. టైమెంతయింది?"

ఇంత ముఖం వేసుకుని ఆమె తల మీదే ఉన్నాను. ఆమెనడిగాడు!

"అన్నం టైమయింది, లే," అందామె, నన్ను చూడకుండానే.

ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి పోయారు. ఇన్నాళ్లూ నా పక్షమనుకున్న మనిషి మీద, ఆ పూట నుంచి నాకు కుళ్లు మొదలైంది.