ఎడమచేతి పొట్లం

ఉడికిన కర్రపెండలం దుంపల్లోంచి నార లాగుతూనే సెవా గేటు వైపు ఒక చెవి పడేసింది. కట్టెల బండివాడితో ఒపోకు ఏదో వేళాకోళమాడి గట్టిగా నవ్వాడు. అప్పుడే ఎదురుగా ఉన్న బడిలో మొదటి గంట కొట్టారు. ఆ నవ్వు వినేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. రాత్రి అన్నేసి మాటలని పోయిన మనిషి, పొద్దున్నే ఎలా నవ్వగలుగుతున్నాడమ్మా!

గొడవంతా యంత్రం గురించి. టాఫో లారీల అడ్డా పక్కన డూఫీ అమ్మ పూటకూళ్ల ఇంట్లో పదిహేడేళ్లుగా ఉడికిన దుంపలూ అరటికాయలూ కలిపి ఫుఫూ ముద్ద దంచేది ఒపోకు, రోట్లో ముద్ద తిప్పేది సెవా. ఈ మధ్య డూఫీ అమ్మకు ఫుఫూ రుబ్బే యంత్రం మీద మనసు పడింది. "కొననీ, దానికి నడుంనొప్పి రాదు, పొద్దస్తమానం సణగదు" అని సెవా సరదాకే అంది. "అయితే దాన్నే వెంటబెట్టుకుని ఊరేగు" అనేసి ఒపోకు విసవిసా వెళ్లిపోయాడు. సరదాకని తెలియదా ఆ ముసలాడికి? తెలుసు. తెలిసీ కోపం తెచ్చుకోవడమే అతని జబ్బు.

అసలు జబ్బులు వేరే ఉన్నాయి. షుగరుంది, బీపీ ఉంది. మాత్రలు వేసుకున్న రోజు పండగే. ఎత్తుగా, ఎండిన కట్టెలా ఉంటాడు. రోకలెత్తీ ఎత్తీ కుడిభుజం ఎడమదానికన్నా బెత్తెడు పైకి లేచింది. సెవాకి యాభై దాటాయి. కూర్చుంటే పీట కనపడదు. ఎప్పుడూ నీళ్లలో నానే కుడిచెయ్యి మాత్రం ముడతలు పడి, ఇంకెవరో ముసలమ్మ చేతిని తెచ్చి అతికించినట్టుంటుంది. రోకలి పైకి లేచినప్పుడు ఆ చెయ్యి రోట్లోకి వెళ్లాలి, ముద్దను మడిచి తిప్పాలి, రోకలి దిగేలోగా బయటికి రావాలి. ఆమె ఏనాడూ తలెత్తి చూడదు. మొగుడితో ఆరేళ్లు కాపురం చేసినా, అతని చెయ్యి ఎప్పుడు లేస్తుందో ఆమెకు అంతుపట్టలేదు. ఒపోకు రోకలి ఎప్పుడు దిగుతుందో నిద్రలో కూడా చెప్పగలదు. పదిహేడేళ్లలో ఆమె గోరు కూడా చితకలేదు.

నీడ మీద పడింది. ఒపోకు వచ్చి నిలబడ్డాడు. రోజూ తెచ్చినట్టే కాల్చిన అరటికాయ, గుప్పెడు వేరుశెనగలు, ముతక కాగితంలో పొట్లం. వేడి పోకుండా దాని చుట్టూ తాటినార చుట్టి తనే ముడేస్తాడు. ఎంత గట్టి ముడంటే, "ఇది విప్పేలోపు చల్లారిపోతుంది, దొంగసొత్తేమైనా కడుతున్నావా?" అని సెవా రోజూ తిట్టాలి, అతను రోజూ నవ్వాలి.

ఈ రోజు ఆ పొట్లాన్ని ఎడమచేత్తో చాపాడు.

సెవా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎడమచేత్తో దారి చూపించినా తప్పే. అలాంటిది తిండి ఇవ్వడమా, అదీ రాత్రి గొడవ తర్వాతా? చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"కుడిచెయ్యి ఎక్కడ పెట్టొచ్చావ్? అత్తారింట్లోనా?" అంది.

ఒపోకు పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"కుక్కకి వేస్తారు అలాగ. తీసుకుపో."

అతను పొట్లం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. మెల్లగా దాన్ని చొక్కా జేబులో కుక్కుకుని, కట్టెల మోపు దగ్గరికి వెళ్లి అటు తిరిగి కూర్చున్నాడు. కూర్చోనీ, ఎంతసేపు అలుగుతాడో చూద్దాం అనుకుంది సెవా. దుంపలన్నీ ఒలిచింది, కూర అరటికాయలు ఒలిచింది, పల్లీల పులుసు మరిగి పొంగింది. అతను లేవలేదు, మాట్లాడలేదు. ఆమె కూడా పలకరించలేదు. పంతమంటే పంతమే.

ఎండ నడినెత్తికి చేరుతుండగా డూఫీ అమ్మ గరిటె పుచ్చుకుని వచ్చింది. "ఏం ఒపోకూ, పెళ్లికొడుకులా కూర్చున్నావ్? డ్రైవర్లొచ్చే వేళైంది. నీ అలకతో వాళ్ల కడుపు నింపమంటావా?"

ఒపోకు గోడ పట్టుకుని లేచాడు. వస్తుంటే కుడికాలు నేలను రాసుకుంది. అలిగి చెప్పు ఈడుస్తున్నాడనుకుంది సెవా, తల వంచుకునే. రోకలి లేచింది, దిగింది. మళ్లీ లేచింది, దిగింది. మూడోసారి దిగాల్సిన చోట దిగలేదు.

"అమ్మో!" అని కేక పెట్టి సెవా చెయ్యి లాక్కుంది. రెండు వేళ్లు అప్పుడే నల్లబడుతున్నాయి. తిట్టడానికి తలెత్తింది. అన్నేళ్లలో రోటి దగ్గర ఆమె అతని ముఖం చూడడం అదే మొదలు. మూతి కుడి కొస కిందికి జారిపోయింది. ఆ మూల నుంచి చొంగ కారుతోంది. కళ్లు మాత్రం ఆమె వేళ్ల మీదే ఉన్నాయి, వాటి నిండా నీళ్లు.

రోకలి చేతిలోంచి జారిపోయింది. సెవా లేచి అతన్ని పట్టుకుంది.

"అల్లం దంచి ఒళ్లంతా రాయండే!" అని డూఫీ అమ్మ అరిచింది. పాస్టరుని పిలవమన్నారొకరు. తినడానికొచ్చిన టాక్సీ డ్రైవర్ బాఫో చేతులు కడుక్కోకుండానే లేచాడు. "అల్లం కాదమ్మా, కారు కావాలి. మా బావకి ఇలాగే అయితే రెండ్రోజులు మర్దనాలు చేయించాం. ఇవాళ్టికీ గోడ పట్టుకునే నడుస్తాడు. ఎత్తండి!"

రోడ్డు నిండా టమాటా లారీలు. బాఫో హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. వెనక సీట్లో ఒపోకు తల ఒళ్లో పెట్టుకుని, సెవా అతని కుడిచేతిని నలిపింది, గిల్లింది. ఆ చేతికి ఏమీ పట్టలేదు. లారీలు కదల్లేదు. "తొయ్యరా, ఎక్కించెయ్యి, ఏదో ఒకటి చెయ్యరా!" అని బాఫోని తిట్టింది. తర్వాత దేవుణ్ని తిట్టింది.

పెద్దాసుపత్రిలో తలకి స్కాన్ తీశారు. డాక్టర్ అంపోమా చిన్నపిల్ల, సన్నటి గొంతు. "మెదడులో రక్తం గడ్డకట్టింది. కరిగించే మందుంది. కానీ జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఈయన ఆఖరిసారి మామూలుగా ఎప్పుడున్నాడు?"

"రోట్లో దంచుతుండగా అమ్మా. ఇందాకే." సెవా నలిగిన వేళ్లు చూపించింది.

"అయితే వ్యవధి ఉంది. బీపీ బాగా ఎక్కువగా ఉంది. ముందు నెమ్మదిగా దాన్ని దించుదాం." డాక్టరు వెళ్లబోతూ ఆగింది. "టైము సరిగ్గా చెప్పావుగా పెద్దమ్మా? ఆలస్యంగా ఇస్తే గడ్డని కరిగించే మందే మెదడులో రక్తం కారేట్టు చేస్తుంది."

సెవాకి అప్పుడు వెలిగింది. పొద్దున ఎడమచెయ్యి! కుడిచెయ్యి ఎక్కడ పెట్టొచ్చావని ఎకసెక్కమాడింది కదూ తను! అది రాలేదు, అంతే. నాలుక కూడా రాలేదు. నిజం చెబితే వేళ మించిపోయింది పొమ్మంటారేమో. చెప్పకపోతే మందే చంపేస్తుందేమో. నోరు మూసుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు కూడా. పీట మీద కూర్చుని తలెత్తకుండా బతికిన మనిషి, ఆ క్షణాన తలెత్తింది.

"డాక్టరమ్మా, తప్పు చెప్పాను. ఎదురుగా బడిలో మొదటి గంట కొట్టినప్పుడు గేటు దగ్గర నవ్వాడు. ఆ వెంటనే నాకు ఎడమచేత్తో తిండిచ్చాడు. పొగరనుకున్నా. తిట్టి కూర్చోబెట్టా."

అంపోమా ఒక్క క్షణం ఆమెను చూసింది. ఈ ఊళ్లో పుట్టిన పిల్ల, ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. గడియారం చూసుకుని, "ఇంకా ఉంది. కొంచెమే ఉంది" అంటూ పరుగెత్తింది.

నర్సులు బీపీ దించడానికి సూది మీద సూది పొడిచారు. అంకె దిగలేదు. దిగింది. మళ్లీ ఎగబాకింది. సెవా తెర పక్కన నిలబడి ఆ మిషను వంక చూస్తూ, దిగమ్మా, నీ కాళ్లు మొక్కుతా దిగు, అని గొణిగింది. చిట్టచివరికి అంపోమా, "ఇప్పుడు! ఎక్కించండి!" అంది. సీసాలోంచి మందు ఒక్కో బొట్టే దిగసాగింది.

నర్సు మాటిమాటికీ వచ్చి "తాతా, నవ్వు. చెయ్యెత్తు" అంటోంది. మొదట ఏమీ లేదు. నీడలు సాగే వేళకి మూతి కాస్త చక్కబడింది. తర్వాత కుడి బొటనవేలు కదిలింది. ఆ తర్వాత, నీళ్లలోంచి వచ్చినట్టు, "పిల్లా" అన్నాడు. యాభై దాటినా ఆమె అతనికి పిల్లే.

సెవా బయటికి పరుగెత్తి డాక్టరు చెయ్యి పట్టుకుంది. "చెయ్యి వస్తుందామ్మా? రోకలి పట్టే మనిషి."

"ఇప్పుడే చెప్పలేను పెద్దమ్మా. మందు అందరికీ ఒకటే, లేచేవాళ్లు మాత్రం అందరూ ఒకేలా లేవరు. మందు ఎంత తొందరగా పడిందన్నది ఒకటి. వయసు, షుగరు, బీపీ, గడ్డ ఎంత పెద్దదన్నదీ. ఈయనకి షుగరు చాలా ఉంది. ఈ రాత్రి గడవాలి. గడిస్తే ఆ చేత్తో రోజూ పని చేయించేవాళ్లు ఉండాలి."

"నేనున్నా."

లోపలికొచ్చేసరికి ఒపోకు ఎడమచెయ్యి తలగడ పక్కన మడిచిపెట్టిన చొక్కాను తడుముతోంది. జేబులోంచి పొట్లం లాగాడు. చాపబోయి, సిగ్గుపడ్డట్టు వెనక్కి తీసుకున్నాడు.

"పొద్దున... చెయ్యి... లేవలేదే" అన్నాడు.

సెవా మోకాళ్లు వంచి, పెద్దల దగ్గర పుచ్చుకున్నట్టు రెండు చేతులూ చాపి అందుకుంది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనుకోలేదు కూడా.

"తిను."

"తినను ఫో. రేపు కుడిచేత్తో ఇవ్వు, అప్పుడు తింటా."

ఒపోకు నవ్వాడు. మూతి ఒక పక్కే నవ్వింది. కాసేపటికి తలనొప్పన్నాడు. ఆ పైన వాంతి అయింది. నర్సు కంటిపాపలో దీపం వేసి చూసి పరుగెత్తింది. మళ్లీ స్కాన్ గదికి తీసుకెళ్లి వెనక్కి తెచ్చారు. తెర లాగేశారు. దీపాలు పెట్టే వేళకి అంపోమా బయటికొచ్చింది. మెదడులో రక్తం కారిందంది, ఇక లేడంది. షుగరు వల్లా, బీపీ వల్లా, ఆలస్యం వల్లా అంటే, ఇదీ అని ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపలేమంది. సెవా తలూపింది. ఆ మూడింట్లో తనది ఏదో ఆమెకు తెలుసు.

టాఫోలో డూఫీ అమ్మ గుమ్మంలోనే కావలించుకుంది. "యంత్రం కొననే సెవా, నా మీద ఒట్టు, కొనను" అని వెక్కింది. సెవా ఆమెను ఓదార్చి లోపలికి పంపింది. పెరట్లో రోలు వదిలేసి వెళ్లినట్టే ఉంది. సగం దంచిన ముద్ద మీద తోలులా పొర కట్టింది. సెవా రోకలి ఎత్తి గోడకి ఆనించి, తన పీట మీద కూర్చుంది.

పొట్లం ఒళ్లో పెట్టుకుంది. చల్లగా ఉంది. పొద్దున గేటు దగ్గర నవ్వకముందు ఒపోకు కుడిచెయ్యి వేసిన తాటినార ముడి, వేలి గోరు దూరనంత బిగువుగా అలాగే ఉంది.