నేను మోయని మాట

ఫోన్లు బిగించడానికి వచ్చినాయన నా బల్ల మీద నల్ల డబ్బా పెట్టి ప్లగ్గు గుచ్చగానే అందులోంచి ఒకావిడ మాట్లాడింది. "మా సంస్థకు స్వాగతం. దయచేసి వేచి ఉండండి." నున్నటి గొంతు. ఆకలి, నిద్ర, విసుగు ఏవీ ఎరగని గొంతు.

"మీరేమీ రికార్డు చేయకపోతే ఎప్పటికీ ఈవిడే పలుకుతుందమ్మా. డబ్బాతో పాటే వస్తుంది. ఆగమన్నప్పుడు వినిపించే పాట కూడా అంతే," అన్నాడాయన.

"అదృష్టవంతురాలు," అన్నాను. ఆ ఒక్క మాటకే గొంతు గీరుకుపోయి దగ్గు తన్నుకొచ్చింది.

మాది గాజు కొట్టు. ఎడమ గదిలో పెద్దోడు, కిటికీలకీ తలుపులకీ గాజు పలకలు కోయించి అమ్ముతాడు. కుడి గదిలో చిన్నోడు, మొహం చూసుకునే అద్దాలు చేయిస్తాడు. ఇద్దరూ నా తమ్ముళ్ళే. మధ్యలో ఫోను దగ్గర నేను. మా ఆయన పోయాక నాన్న నన్ను తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత నాన్న కూడా పోయాడు, నాకు కుర్చీ మిగిలింది. సరుకు మనదేగా అని గదుల మధ్య గోడలు కూడా గాజుతోనే పెట్టించాం. అంచేత తమ్ముళ్ళిద్దరూ పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరు చూస్తూనే ఉంటారు. మాట్లాడుకోవడం మానేసి మాత్రం ఏళ్ళయింది. జోరున వానలో లారీ సరుకు దించమన్నది ఎవరు అన్న దగ్గర మొదలైంది గొడవ. పగిలిన గాజు ఆ సాయంత్రమే ఊడ్చేశాం. మాటే ఇంతవరకూ అతకలేదు.

అప్పట్నుంచీ వాళ్ళ మాటలు మోసేది నేను. "అక్కా, కొలతలు తప్పాయని చిన్నోడికి చెప్పు." "అక్కా, ఆ కొలతలు ఇచ్చింది తనేనని పెద్దోడికి చెప్పు." తిట్లు వడగట్టి, కాస్త మర్యాద కలిపి అటుదిటూ ఇటుదటూ అందిస్తాను. "వాడికి కళ్ళు దొబ్బాయా?" అని ఒకడంటే, "ఓసారి చూడమంటున్నాడు నాన్నా," అని రెండోవాడికి చెబుతాను. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

చివరికి గొంతులో కాయ లేచింది. కోసి తీసేయాలన్నాడు డాక్టరు. ఆ తర్వాత మూడు వారాలు గుసగుస కూడా పనికిరాదట. పాత గొంతు వస్తుందో రాదో అప్పుడు చూడాలట. "మీరు పాటలు పాడతారా?" అనడిగాడు.

"లేదండీ, ఇద్దరు తమ్ముళ్ళున్నారు," అన్నాను.

గొంతు పోతుందని నాకు పెద్ద బెంగ లేదు. ఉండి ఏం ఉద్ధరించింది గనక! నేను నోరు మూసుకున్న మర్నాడే ఈ కొట్టు రెండు ముక్కలవుతుందేమోనన్నదే నా భయం. అందుకే డబ్బా తెప్పించాను. బయటి ఫోన్లయినా దారి తప్పకుండా ఎవరివి వాళ్ళకి వెళతాయని.

"ఒకటి నొక్కితే ఎవరికి పోవాలమ్మా?" అన్నాడు ఫోన్లాయన.

"గాజు పలకలకి ఒకటి, అద్దాలకి..." అంటుండగానే కుడి గది తలుపు తెరుచుకుంది.

"అక్కా, తర్వాత పుట్టినంత మాత్రాన అన్నిట్లోనూ తర్వాతేనా అని అడుగు," అన్నాడు చిన్నోడు.

సరే, అద్దాలకి ఒకటి అన్నాను. ఎడమ గదిలో పెద్దోడు గట్టిగా సకిలించాడు. వాడి సకిలింపుకి అర్థం చెప్పడం కూడా నా ఉద్యోగమే. ఆఖరికి గాజుకి రెండు, అద్దాలకి మూడు అని తేల్చాను.

"మరి ఒకటి నొక్కితే?" అన్నాడాయన అయోమయంగా.

"ఎవరూ పలకరు. మా ఇంట్లో అది మామూలే."

పాట దగ్గరా అదే తంతు. పెద్దోడు నింపాదిగా సాగే వయొలిన్ పెట్టమన్నాడు. "అది వింటే కొట్టులో ఎవరో పోయారనుకుంటారని చెప్పక్కా," అన్నాడు చిన్నోడు. వాడు తెచ్చిన డప్పుల హోరు వింటే గాజు దానంతటదే పగులుతుందని చెప్పమన్నాడు పెద్దోడు. ఆ ఫోన్లాయన ఓపికకి దణ్ణం పెట్టాలి. ఇద్దరి పాటలూ పక్కన పెట్టేసి, డబ్బాతో వచ్చిన టింగు టింగుమనే రాగమే ఉంచేశాడు. అది ఎవరికీ నచ్చలేదు కాబట్టి ఎవరూ ఓడిపోలేదు.

గోరువెచ్చటి నీళ్ళు తాగి పలకరింపు నేనే రికార్డు చేశాను. మొదటిసారి "నమస్కారం" సగంలో చీలిపోయింది. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారికి కుదిరింది. ఫోన్లాయన వైర్లు సర్దుకుంటుంటే పెద్దోడు ఆయన్ని పక్కకి పిలిచాడు. కాసేపటికి చిన్నోడూ పిలిచాడు. ఆయన తల గోక్కుంటూ నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీ తమ్ముళ్ళిద్దరూ ఒకటే అడుగుతున్నారు. మీ గొంతుతో ఇంకొన్ని మాటలు దాచి పెట్టమంటున్నారు. 'అన్నయ్య సంతకం పెట్టమంటున్నాడు', 'తమ్ముడు బండి పంపమంటున్నాడు', అలాంటివి. బటన్ నొక్కితే అవతలి గదిలో మోగాలట. నా సర్వీసులో ఇలాంటిది ఎవరూ అడగలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మూగదాన్నయ్యాక కూడా నా గొంతుతోనే మాట్లాడుకుంటారన్నమాట, ఆ బుర్రల్ని తగలెయ్య! లేచి రెండు గదులకీ వినపడేలా అన్నాను.

"నా గొంతు కొట్టుకి ఇచ్చాను. మీ పంతాలకి ఇవ్వను."

అదే నేను గట్టిగా అన్న ఆఖరి మాట. ఇద్దరూ తలలు దించుకుని, పని ఉన్నట్టు కాయితాలు కదిపారు.

ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం పెద్దోడితో చెప్పాను, రేపేనని. "అలాగే అక్కా. బండి చిన్నోడి దగ్గరుంది, వాడికి చెప్పు," అన్నాడు. చిన్నోడితోనూ చెప్పాను, రేపేనని. "పెద్దోడు చూసుకుంటాడుగా. నేనూ రావాలా అని అడుగు," అన్నాడు. మామూలుగా అయితే అక్కణ్ణించి ఇటూ ఇక్కణ్ణించి అటూ ఓ నాలుగుసార్లు తిరిగి పని చక్కబెట్టేదాన్ని. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాటా మోయబుద్ధి కాలేదు. నా కోసం నేనే రాయబారం చేసుకోవాలా అనిపించింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. "మీతో ఎవరొచ్చారు?" అని నర్సు అడిగితే "వస్తున్నారు" అన్నాను. రాత్రికి అక్కడే ఉంచి మర్నాడు పంపేశారు. అప్పుడూ బస్సే.

రెండు రోజులు మేడ మీద నా గదిలో పడుకుని, మూడో రోజు కిందికి దిగి కుర్చీలో కూర్చున్నాను. మూగనోము పట్టినా పని తప్పలేదు. తమ్ముళ్ళు ఇప్పుడు చీటీలు రాసి నా బల్ల మీద పెడుతున్నారు. తీసుకెళ్ళి అవతలి బల్ల మీద పెట్టాలట. కాళ్ళకి ఆపరేషన్ కాలేదుగా మరి. ఎలా ఉందక్కా అని మాత్రం ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. అడిగినా చెప్పలేనుగా అనుకున్నారేమో.

ఆ మధ్యాహ్నం లోపలి ఫోను మోగింది. పెద్దోడు. అలవాటు చొప్పున నాకే నొక్కాడు.

"అక్కా, చిన్నోడికి చెప్పు, రేపు సరుకు..." అంటూ గాజు లోంచి నన్ను చూసి నాలిక్కరుచుకున్నాడు.

నేను ఆగమనే బటన్ నొక్కాను. వాడి చెవిలో టింగు టింగు మొదలైంది. చిన్నోడి నంబరు నొక్కాను. "చెప్పక్కా," అన్నాడు వాడూ, చెప్పగలిగినట్టు. ఫోన్లాయన నేర్పినట్టుగా రెండు లైన్లూ కలిపేశాను. ఇంతకంటే మోసే ఓపిక నాకు లేదు. రిసీవరు మాత్రం చెవి దగ్గరే ఉంచుకున్నాను.

"అక్కా?"

"అక్కా?"

రెండు గదుల్లోనూ తలలు లేచాయి. ఇంక ఇద్దరూ ఠక్కున పెట్టేస్తారనుకున్నాను. ఎవరూ పెట్టలేదు. ముందు పెట్టేసినవాడు ఓడిపోయినట్టని అనుకున్నారో ఏమో. ఆ పంతం ఈ ఒక్కసారికి పనికొచ్చింది. చివరికి పెద్దోడే అన్నాడు.

"అక్కకి ఎలా ఉందట్రా?"

"నన్నడుగుతావేం? డాక్టరుతో మాట్లాడింది నువ్వు కదా?"

"నేనెప్పుడు మాట్లాడాను? తీసుకెళ్ళింది నువ్వైతే!"

"నేనా? నువ్వు తీసుకెళ్ళావనుకున్నానే."

"బండి నీ దగ్గరే ఉంది కదరా."

"ఆ రోజంతా బండి ఇక్కడే ఉందన్నయ్యా. మరి అక్క ఎవరితో వెళ్ళింది?"

నా నాలిక మీద మాట సిద్ధంగా ఉంది. పోనీలేరా, బస్సులో వెళ్ళొచ్చాను, ఏం ఇబ్బంది కాలేదు. గొంతుంటే అదే అనేసేదాన్ని. హమ్మయ్య అనుకుని ఇద్దరూ ఫోన్లు పెట్టేసి, మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. ఇన్నేళ్ళూ నేను చేసిన ఘనకార్యం అదేనని అప్పుడు అర్థమైంది.

గాజు గోడల వెనక ఇద్దరూ లేచి నిలబడి నా వైపే చూస్తున్నారు. ఏడవకూడదని డాక్టరు చెప్పలేదు. ఇద్దరూ చూస్తుండగానే ఏడ్చాను.