కాకుల సందులో మేం లేం

మా వైపు బడులకి అక్టోబరులో నాలుగు రోజులు సెలవులిస్తారు. కాగితం మీద ఏ పేరున్నా ఊళ్ళో అందరూ వాటిని జింకల సెలవులనే అంటారు. ఆ వారం వేటకి వెళ్ళకుండా బళ్ళో కూర్చునే పిల్లాడు దక్షిణ యూటాలో ఇంకా పుట్టలేదు. మా ఇంట్లో మాత్రం తుపాకీ లేదు. మా ఆయన థేన్‌కి కెమెరా ఉంది. దాని మూడుకాళ్ళ స్టాండూ, లెన్సులూ కలిపితే తుపాకీ కంటే బరువు, అందులో సగం మోసేది నేను.

థేన్ తీసేది సందుల ఫొటోలు. ఎర్ర ఇసుకరాయి పైనుంచి కింద దాకా చీలి, మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత ఇరుకుగా ఉండే దారులవి. ఎండ నేరుగా పడితే ఫొటో పాడైపోతుందట. పై గోడకి తగిలి, ఎదురు గోడ మీద వాలి, అక్కణ్ణుంచి కిందికి జారిన వెలుగే వెలుగంటాడు. అది పదిన్నరకొచ్చి, పట్టుమని నలభై నిమిషాలు ఉండదు. ఒక్కో ఫొటోకి నాలుగైదు సెకన్లు కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. ఆ నాలుగు సెకన్లలో ఎవరో ఒకరు బాటిల్లో నీళ్ళు తాగుతూ ఎదురొస్తారు. అంతే సంగతులు.

ఆ ఏడు మొదట రోడ్డు పక్కనున్న పెద్ద సందుకే వెళ్ళాం. ఇసుక వేస్తే రాలనంత జనం. నిచ్చెన దిగడానికి వరసలో నిలబడ్డారు. ఒకమ్మాయి పెళ్ళిగౌను చేత్తో ఎత్తిపట్టుకుని, బూట్లతో దిగుతోంది.

"కాసేపాగితే వీళ్ళు వెళ్ళిపోతారేమో నాన్నా," అంది మా అమ్మాయి బ్రిన్. దానికి పదిహేనేళ్ళు, ఇంకా ఆశ చావలేదు.

"వీళ్ళు పోతే ఆ వెనకాల బస్సులో వాళ్ళు దిగుతారు," అన్నాడు థేన్.

వెనక సీట్లో కూర్చున్న మా నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఈ తిరనాళ్ళలో మనకేం పని? వంటింటికి పోదాం పదండి," అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలని అందరం ఎదురుచూస్తున్నాం. అది ఆయన సొత్తు. మేం అడగకూడదు.

వంటిల్లంటే మా అమ్మ వంటిల్లు. పెళ్ళైన కొత్తలో నాన్న తప్పిపోయిన ఆవుదూడని వెతుక్కుంటూ పోయి, ఏ పటంలోనూ లేని ఒక సందు కనిపెట్టాడు. మర్నాడు అమ్మని తీసుకెళ్ళాడు. లోపల నడుమెత్తు బల్లపరుపు రాయి మీద అమ్మ రొట్టెలు పరిచి భోజనం పెట్టింది. అప్పటినుంచీ దానికా పేరు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఆవిడ ఊసెత్తితే నాన్న లేచి వెళ్ళిపోతాడు. ఆ సందులో మాత్రం ఆ రాయి పక్కన కూర్చుని ఆవిడతో మామూలుగా మాట్లాడతాడు, ఇంటి కప్పు కారుతోందనీ, నెడ్రా లావవుతోందనీ. నెడ్రా అంటే నేనే.

థేన్ అక్కడ తీసిన ఫొటోలు చాలా ఇళ్ళ గోడల మీద ఉన్నాయి. ఎక్కడ తీశారని అడిగిన వాళ్ళకి "మా అత్తగారింట్లో" అని చెబుతాడు. వాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు.

మట్టిరోడ్డు ఆగిపోయేచోట ఒక గుంజ, గుంజకి రేకుపెట్టె, పెట్టెలో నోటుపుస్తకం ఉంటాయి. లోపలికి నడిచేవాళ్ళు పేరు, ఎంతమంది, ఎక్కడికి అని రాయాలి. తిరిగొచ్చాక టైము వేసి గీత కొట్టాలి. ఎవరైనా రాకపోతే వెతికేవాళ్ళకి అదే ఆధారం. నాన్న నలభై ఏళ్ళుగా ఆ పుస్తకంలో మా పేర్లు రాసి, ఎక్కడికి అన్నచోట "కాకుల సందు" అని రాస్తున్నాడు. మా వంటిల్లు ఉత్తరానికి గంట నడక. కాకుల సందు దక్షిణానికి అరగంట. అదొక మురికిగుంట. అందులో పడి చచ్చిన దూడ కంపు, బయట నిలబడి పీల్చిందే అయినా, నాన్న ముక్కుకి ఇంకా గుర్తే. ఎవరైనా పుస్తకం చూసి మా వెంట పడితే, ఆ మురికి చూసి వెనక్కి పోతారని ఆయన లెక్క.

మా నాన్న ఏడేళ్ళు మా వార్డుకి, అంటే మా పేట మార్మన్ చర్చికి, బిషప్పుగా చేశాడు. కాఫీ ముట్టడు, ఒట్టు పెట్టడు, బేరంలో కూడా ఒక మాట ఎక్కువ చెప్పడు. ఆయన జీవితంలో ఉన్న అబద్ధం అదొక్కటే. ఏడాదికోసారి, పెన్సిల్‌తో, సన్నటి అక్షరాల్లో.

ఆ ఏడు ఆయన చేతులు బాగా వణుకుతున్నాయి. "నువ్వు రాయవే," అని పుస్తకం నాకిచ్చాడు.

నేను పెన్ను తీసి నాన్న పేరే రాశాను. ఆర్వల్ సోరెన్‌సన్, నలుగురు, కాకుల సందు. పక్కన "మీ మాట" అని ఇంకో గడి ఉంది. నాన్న దాన్నెప్పుడూ ఖాళీగా వదిలేసేవాడు. నాకు చిలిపి బుద్ధి పుట్టింది. "ఏటా వస్తాం. ఇలాంటి వెలుగు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు," అని రాశాను.

నాన్న కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఇదెందుకు?"

"బిషప్పుగారి అబద్ధం మరీ చప్పగా ఉంది నాన్నా. కాస్త ఉప్పూ కారం వేశాను."

"కొట్టెయ్."

"కొట్టేస్తే ఇంకా అనుమానం వస్తుంది తాతా," అంది బ్రిన్ నవ్వుతూ.

నాన్న ఒక్క క్షణం ఆ గడి వంక చూశాడు. "అబద్ధం మనకోసం ఆడుకోవాలి గానీ, దానికి ముస్తాబు చేసి వీధిలో నిలబెట్టకూడదు," అని పెట్టె మూశాడు. ఆయన నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, అందుకే నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆరోజు వంటిల్లు మమ్మల్ని పేరు పెట్టి పిలిచినట్టే ఉంది. పదిన్నరకి వెలుగొచ్చింది. ముందు పై అంచున బంగారం, తర్వాత నడుమ నారింజ, అడుగున వంకాయ రంగు. థేన్ ఊపిరి బిగబట్టి ఫొటోలు తీస్తుంటే, మేమంతా కదలకుండా గోడకి ఆనుకున్నాం. వెలుగు వెళ్ళిపోయాక నాన్న రాయి పక్కన కూర్చుని అమ్మతో గుసగుసలాడాడు. మూడు గంటలకి పైనే అక్కడ ఉండిపోయాం. మనుషులు లేకపోవడమే ఒక సుఖం. ఆ సుఖం మాకే దక్కాలని, ఇంకెవరికీ అక్కర్లేదని మనసులో అనుకున్నాను కూడా. ఇప్పుడు దాచడమెందుకు.

తిరిగి గుంజ దగ్గరికొచ్చేసరికి మూడున్నర. మా పికప్పు పక్కన నీలం కారు ఆగి ఉంది, మా రాష్ట్రం బండి కాదు. నేను గీత కొట్టడానికి పెట్టె తెరిచాను. మా పేరు కింద ఇంకో వరస ఉంది. డెనిస్ వోల్కర్, టిల్లీ (ఎనిమిదేళ్ళు). ఇద్దరు. కాకుల సందు. పదీ నలభై. ఆ చివరి గడిలో పిల్ల చేతిరాతతో, పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక ముక్క: "పెద్ద సందులో జనం. ఊరివాళ్ళు వెళ్ళే చోటికే మేమూ."

తిరిగొచ్చిన టైము లేదు.

"నాన్నా," అన్నాను. పుస్తకం ఆయన ముందుకి జరిపాను.

ఆయన చదివాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పికప్పు వెనక నుంచి పశువుల తాడు లాగి భుజాన వేసుకుని, మా అందరికంటే ముందు నడిచాడు.

సందు నోటి దగ్గర ఇసుకలో రెండు జతల అడుగులున్నాయి, లోపలికే. బయటికి లేవు. లోపల చల్లగా, కుళ్ళు వాసనగా ఉంది. తాడు అందుకుని థేన్ ముందు, నేనూ నాన్నా బ్రిన్ వెనక. కొంతదూరం పోయాక నేల ఒక్కసారిగా జారుడుబల్లలా కిందికి దిగిపోయింది. దాని అడుగున నల్లటి నీటిగుంట. గుంటకి ఓ పక్క చేటంత రాతి అంచు మీద ఒకావిడ, ఆవిడ ఒళ్ళో చిన్నపిల్ల. ఇద్దరూ నడుం దాకా తడిసి, పెదాలు నీలంగా మారి ఉన్నారు.

"వచ్చారా," అందావిడ. అరవలేదు, ఏడవలేదు. ఆలస్యంగా వచ్చిన పనిమనిషితో అన్నట్టు అంది.

థేన్ తాడు వేశాడు. ఆవిడ దాన్ని పిల్ల నడుముకి కట్టడానికి నాలుగుసార్లు ప్రయత్నించింది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. చివరికి థేన్ తనే దిగాడు. పిల్లని పైకి లాగాం, తర్వాత ఆవిడని లాగాం. నాన్న తాడు చివర నడుముకి చుట్టుకుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. థేన్ ఎలా ఎక్కాడో నాకు గుర్తులేదు.

బయట ఇంకా కాస్త ఎండ మిగిలి ఉంది. బ్రిన్ తన స్వెట్టరు విప్పి పిల్లకి తొడిగి, అరచేతులు రుద్దుతూ కూర్చుంది. నాన్న తన చర్మపు కోటు విప్పి డెనిస్ భుజాల మీద కప్పాడు. అది అమ్మ కొనిచ్చిన కోటు, ఆయన దాన్ని ఇంకొకరికివ్వడం నేను చూడలేదు.

ఫ్లాస్కులో ఉన్న వేడి సూపు తాగాక పిల్లకి నోరొచ్చింది. "ఆర్వల్ అంటే నువ్వేనా తాతా?" అంది.

"నేనే తల్లీ."

"మేం నిన్ను పిలిచాం. పేరు పెట్టి పిలిచాం. అమ్మ ఓసారి, నేను ఓసారి. గొంతు పోయేదాకా పిలిచాం."

డెనిస్ కప్పు కింద పెట్టింది. "పుస్తకంలో మీరు నలుగురు మా ముందున్నారని ఉంది కదా," అంది. "జారిపడ్డ వెంటనే ఎలాగోలా ఎక్కి ఉండేదాన్ని. చేతుల్లో బలం ఉంది. కానీ పడితే దీన్నెవరు చూస్తారు? మీరెలాగూ ఇటే తిరిగొస్తారు కదా, కంగారు పడకూడదు, కదలకుండా ఉండాలి అని దీనికి చెప్పాను. అలా చూస్తూనే ఐదు గంటలు గడిచాయి. తర్వాత నా చేతులు నా మాట వినలేదు." మా వంక అయోమయంగా చూసింది. "ఇంతకీ మీరు లోపలి నుంచి కాకుండా బయటి నుంచి వచ్చారేంటి? ఏ దారిన బయటపడ్డారు?"

థేన్ తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు. తర్వాత మెల్లిగా, "అవతలి చివర్న ఇంకో దారి..." అని మొదలుపెట్టాడు.

"ఆగు థేన్," అన్నాడు నాన్న. "మేం ఇందులోకి రాలేదమ్మా. నేనీ సందులో అడుగు పెట్టడం ఇదే మొదలు. మేమెళ్ళే చోటు వేరే ఉంది. అక్కడికెవరూ రాకూడదని ఏటా పుస్తకంలో దీని పేరు రాస్తాను."

డెనిస్‌కి అది అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఆ వెలుగు గురించి రాసింది? ఇలాంటిది ఇంకెక్కడా లేదని? టిల్లీ అది చదివే కదా ఇటే పోదామని గోల చేసింది."

"అదీ నేనే రాశాను," అన్నాడు నాన్న.

నేను నోరు తెరవబోయాను. ఆయన నా వంక చూడకుండానే నా మణికట్టు పట్టుకుని నొక్కాడు. చిన్నప్పుడు ప్రార్థనలో కూర్చున్నప్పుడు వాగుతుంటే అలాగే నొక్కేవాడు. నేను ఊరుకున్నాను. నలభై ఆరేళ్ళదాన్ని, ఊరుకున్నాను.

డెనిస్ లేచి నిలబడింది. ఆవిడ ఇంకా వణుకుతోంది. భుజాల మీంచి కోటు తీసి, చేతులు సరిగా ఆడకపోయినా చక్కగా మడతపెట్టి, నాన్న చేతికిచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. నాన్న దాన్ని రెండు చేతులా తీసుకుని, తల ఊపాడు. మా ఊళ్ళో ఆయనకెదురుపడితే టోపీ తీసి పలకరిస్తారు. అలాంటి మనిషి అలా నిలబడడం చూసి నాకు నా మీదే అసహ్యం వేసింది.

ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని పది అడుగులు వెళ్ళాక నేను వెనకే రెండడుగులు వేశాను.

"ఆ ముక్క రాసింది నేనండీ," అన్నాను. "ఆయన వద్దన్నాడు. కొట్టెయ్యమన్నాడు. నేను సరదాకి రాశాను."

డెనిస్ ఆగి వెనక్కి తిరిగింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "సరదాకి," అంది మెల్లిగా, ఆ మాట బరువెంతో చూసుకుంటున్నట్టు. మళ్ళీ దారి పట్టింది. పిల్ల మాత్రం బ్రిన్ స్వెట్టరులోంచి చెయ్యి బయటికి తీసి, తాత వైపు చిన్నగా ఊపింది.

వాళ్ళ వెనకే గుంజ దాకా నడిచి, వాళ్ళ కారు హీటరు వేసుకుని కదిలేదాకా మేం అక్కడే ఉన్నాం. ఎండ పూర్తిగా పోయింది, గాలి మొదలైంది. నాన్న చొక్కాతో నిలబడ్డాడు, కోటు చేతి మీద అలాగే మడతతో ఉంది.

"చలేస్తుంది నాన్నా, వేసుకో," అన్నాను.

ఇల్లు చేరేదాకా వేసుకోలేదు.