వచ్చింది, పోయింది

"వచ్చిందా?" డాబా మీదనుంచి అరిచాడు ఫిట్టరు.

కిందనుంచి జవాబు లేదు.

అతను రెండు చేతులతో డిష్ అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. పొట్ట పిట్టగోడకి ఒరుసుకుంటోంది. ఆకాశంలో ఉపగ్రహం ఎక్కడుందో అతనికి కనబడదు. గదిలో బొమ్మా కనబడదు. రెంటికీ మధ్య అతనికున్న ఆధారం భార్య గొంతొక్కటే.

అతని డిష్ కంపెనీ పుట్టి ఇంకా ఏడాది కాలేదు. పాత మోటారు షెడ్డు, రెండు బల్లలు, ఒక టెలిఫోను. ఆకాశంలోంచి బొమ్మలు దింపుతామంటే జనం నవ్వారు. డిష్‌లో నిలిచిన వాననీళ్ళు ఎవరివో తేల్చమని ఒకాయన మేనేజరుతో తగువేసుకున్నాడు కూడా. ఫిట్టరుకి తోడు మనిషిని పెట్టే స్తోమత కంపెనీకి లేదు. అందుకని అతను ఇంటావిణ్ణే వెంటబెట్టుకొచ్చాడు. టీవీ ముందు కూర్చుని "వచ్చింది", "పోయింది" అని కేకలెయ్యడమే ఆవిడ పని. వాళ్ళ స్కూటరు కనబడితే చాలు, "వచ్చింది-పోయింది వాళ్ళొచ్చారు" అనేవారు వీధిలో. పెళ్ళైన నాటినుంచీ మాటలు తక్కువైన ఆ ఇద్దరూ ఈ ఉద్యోగం పుణ్యమా అని రోజంతా మాట్లాడుకుంటున్నారు, అరుచుకుంటూనైనా.

"ఏమే, వచ్చిందా?"

బోల్టు బిగించి గబగబా నిచ్చెన దిగాడు.

టీవీలో బొమ్మ నిగనిగలాడుతోంది. దాని ముందు అతని భార్యా, ఆ ఇంటి ముసలావిడా ఒకరి చేయి ఒకరు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నారు. తెరమీద ఎవరో అమ్మాయి తెలియని భాషలో ఎవరినో బతిమాలుతోంది.

"ఎప్పుడొచ్చింది?"

"చాలాసేపైంది. ఉండండీ, వాడు తలుపు తీసేలా ఉన్నాడు."

"పైన నేను మాడిపోతుంటే పిలవొద్దూ?"

"పిలిస్తే మళ్ళీ కదుపుతారని..."

ముసలావిడ ఇద్దర్నీ కసిరింది. "కాస్త నోరు ముయ్యండర్రా!"

అంతలో మేనేజరు ఒక చిన్న పెట్టెతో వచ్చాడు. సిగ్నల్ దొరగ్గానే కూతపెట్టే మీటరట.

"ఇంక కింద మనిషి అక్కర్లేదయ్యా. మీ ఆవిడ హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మంచిదే బాబూ. నా గొంతూ తెరిపిన పడుతుంది."

"దింపి వస్తానే," అన్నాడు ఫిట్టరు.

"పక్క వీధేగా, నడుస్తాలెండి."

మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఏదో చెప్పాలనిపించింది. అంతదూరం వినబడాలంటే అరవాలి. వీధిలో అరిచే మాట కాదది.

తరవాతి ఇంట్లో అతనికి చెమటైనా పట్టకముందే మీటరు కూసింది. బోల్టు బిగించి, అలవాటుగా పిట్టగోడ మీదనుంచి వంగాడు.

"వచ్చిందా?"

ఇంటాయన వాకిట్లోకొచ్చి అటూ ఇటూ చూశాడు. "ఎవర్నండీ అడుగుతున్నారు?"

"ఎవరూ లేరండీ," అన్నాడు ఫిట్టరు.

కిందికి దిగి, మీటరు పెడదామని స్కూటరు డిక్కీ తెరిచాడు. లోపలికి చూసి, మీటరుని మెళ్ళో తగిలించుకున్నాడు. డిక్కీలో ఒక మూల, దుమ్ము పడకుండా రుమాల్లో చుట్టిన, భార్య వేసుకునే గొంతు బిళ్ళల అట్ట, ఇంకా సగం నిండుగానే ఉంది.