ముప్పై ఏడో రౌండు ముడి

నూట ముప్పై ఏళ్ళ కిందట మా ముత్తాత నెడ్ పెటిల్, సిరిల్ గాస్లింగ్ వాళ్ళ ముత్తాత జెమ్, మా ఊరి మైదానంలో ఇంగ్లండ్ ఛాంపియన్‌షిప్ కోసం ఉత్త పిడికిళ్ళతో కొట్టుకున్నారు. ఆ రోజుల్లో ఇద్దరి పట్టు రుమాళ్ళనూ కలిపి బరి గుంజకు ముడివేసేవారు. గెలిచినవాడు రెండూ పట్టుకుపోవాలి. ముప్పై ఏడో రౌండులో పోలీసులొచ్చారు. వస్తాదులిద్దరూ చెరో దిక్కుకు పరుగు లంకించుకున్నారు. ఆ రుమాళ్ళు ముడి విప్పకుండానే మా ఊరి పబ్బు గోడ మీద అద్దాల పెట్టెలోకి చేరాయి.

గెలిచేవాడు మా నెడ్డే. ఇందులో రెండో మాట లేదు. అయినా ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఆ పెట్టె కింద కూర్చుని, పంది మాంసం కూరిన రొట్టె తింటూ సిరిల్ వాదిస్తాడు, నేను అతని నోరు మూయిస్తాను. మా ఆయన పోయాక, వాళ్ళావిడ పోయాక కూడా ఒక్క మంగళవారం తప్పలేదు.

పోయిన నెల, పబ్బు నడిపే మోరీన్ పిడుగులాంటి కబురు చెప్పింది.

"పబ్బు మూసేస్తున్నా ఐడా. శనివారంలోగా ఈ పెట్టె ఎవరింటికెళ్ళాలో మీరిద్దరూ తేల్చుకోండి."

"విప్పితే సరి, ఎవరి రుమాలు వాళ్ళది," అంటూ సిరిల్ పెట్టె తెరిచి ముడి మీద వేలు పెట్టాడు. పట్టు పొడిపొడిగా రాలింది.

"ఆగవయ్యా బాబూ! తగలెట్టేస్తావా ఏంటి?" అని అరిచాను.

నిజం చెప్పొద్దూ, నా బెంగ రుమాళ్ళ కోసం కాదు. ముడి ఒకరింటికి పోతే నా మంగళవారాలు ఏమైపోవాలి?

"మా ఇంట్లో పెడదాం. నువ్వు రోజూ వచ్చి తిట్టిపో," అన్నాడు సిరిల్.

"రోజూ ఆ కొండెక్కాలా? నా మోకాళ్ళ బాధ నీకేం తెలుసు?"

"అయితే రోజూ రావద్దులే." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఒకేసారి వచ్చెయ్. పెళ్ళి చేసుకుని."

మోరీన్ గ్లాసు తుడవడం ఆపేసింది.

డెబ్బై ఆరేళ్ళదాన్ని, సిగ్గు ముంచుకొచ్చింది. అది కనబడకుండా గదమాయించాను.

"ముందు మా నెడ్డే గెలిచేవాడని ఒప్పుకో."

"చచ్చినా ఒప్పుకోను."

హమ్మయ్య అనుకున్నాను. ఒప్పేసుకుంటే ఇక ఆ ఇంట్లో పొద్దు గడిచేదెలా?

"సరే, పద," అన్నాను.

పెట్టెను అతనో పక్క, నేనో పక్క పట్టుకుని బయల్దేరాం. సగం కొండ ఎక్కేలోపే ముప్పై ఎనిమిదో రౌండు మొదలైపోయింది. నా మోకాళ్ళ సంగతి ఇల్లు చేరాక గానీ గుర్తు రాలేదు.