రస్ చూసిన తోకచుక్క

డార్లా మొగుడు రస్‌ అంతటి కష్టజీవి మైల్స్ సిటీ చుట్టుపక్కల ఎక్కడా ఉండడు. కనబడ్డ ప్రతిదానికీ వంక పెట్టాలంటే మరి కష్టపడాలిగా! గోడకు తగిలించిన ఫొటో వంకర. ఇస్త్రీ చేసిన చొక్కా మడత వంకర. ఇక వంటింటి కిటికీ అద్దమంటే ఆయనకు ప్రత్యేకమైన అభిమానం. సాయంత్రం గొర్రెల కొట్టం దగ్గర దీపం వెలగ్గానే కాఫీ కప్పుతో సింకు దగ్గర నిలబడి, "మళ్లీ చారలే డార్లా, దీపం ఎలా సాగిపోయిందో చూడు" అంటాడు. గొంతు పెంచడు, తిట్టడు. ఆ సాధు స్వరానికే ఆమె మళ్లీ గుడ్డ తీస్తుంది. లోపలివైపు తుడిచి, చలిలో నిచ్చెనేసుకుని బయటివైపూ తుడుస్తుంది. బోజ్‌మన్ కాలేజీలో ఆమె చదివిన కెమిస్ట్రీ అంతా అద్దాలు తుడిచే వెనిగర్ సీసాలోనే కరిగిపోయింది.

అద్దం అయిపోయాక ఆయన చూపు ఇప్పుడు తుపాకీ మీద పడింది. ఆ తుపాకీ ఆయనది కాదు. డార్లా అత్తగారు ఆర్డిస్ ఆస్తి పంచిన రోజున, "పొలం వాడికి. తుపాకీ నీకు. తెల్లారగట్ల గొర్రెల దగ్గర ఉండేది నువ్వే కదా" అని డార్లా చేతిలో పెట్టింది. తను చేసే పనికి ఆ ఇంట్లో ఎవరైనా పేరు పెట్టి చెప్పడం అదే మొదలు. ఆ మాటకి ఎలా థాంక్స్ చెప్పాలో డార్లాకి ఇప్పటికీ తెలియలేదు. కిందటేడు మసక వెలుతురులో పాత ఇనుప గురి కనబడక, కళ్లముందే కయోటీ నక్కలు గొర్రెపిల్లల్ని నోట కరుచుకుపోయాయి. ఈసారి గొర్రెలు ఈనేలోగా తుపాకీ మీద గురి చూసే మంచి సైటు బిగించాలి. తుపాకీ ఆమెది, కాపలా ఆమెది. ఎంపిక మాత్రం రస్‌ది. "నీకెందుకు శ్రమ, నేను చూస్తాగా" అన్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మంచిమాట చాటున ఎన్ని నిర్ణయాలు ఆమెను అడక్కుండానే అయిపోయాయో!

గురికి ఎర్రచుక్క చూపించే మామూలు సైట్లు కొన్నాడు, తిరిగిచ్చేశాడు. "చుక్కకి తోకుంది" అని ఫిర్యాదు. ఇవాళ హోలోగ్రాఫిక్ రకం చూద్దామని ఆర్డిస్‌తో కలిసి ముగ్గురూ తుపాకుల దుకాణానికి వచ్చారు. దుకాణం నడిపే జోలీన్ రెండు మోడళ్లు బల్ల మీద పెట్టింది. చిన్న అద్దపు పెట్టెలు. లోంచి చూస్తే ఎర్రటి వలయం, దాని నడుమ చుక్క, గాల్లో తేలుతున్నట్టుంటాయి. పెద్దది టీవీ రిమోట్ బ్యాటరీలతో నడుస్తుంది, బటన్లు వెనకవైపు. చిన్నది తేలిక, కానీ దాని బ్యాటరీ వేరే, బటన్లు పక్కన.

"చిన్నదే మేలు" అన్నాడు రస్ కన్ను ఆనించి. "అరె, దీనికీ తోకే! ఏదీ, పెద్దది ఇటివ్వు. దీనికీ అంతే. చుక్క పెట్టడం కూడా రాదా వీళ్లకి?"

"మీ చేతిలో పడేదాకా అన్నీ గుండ్రంగానే ఉంటాయండీ" అంది జోలీన్.

"వాడివి గద్ద కళ్లమ్మా, వాళ్ల నాన్న పోలిక" అంది ఆర్డిస్ కుర్చీలోంచి, అల్లిక ఆపకుండా.

"పదండి. ఈ ఏటికి వద్దులే, పైయేడు చూద్దాం" అన్నాడు రస్.

డార్లా గబుక్కున ఆయన వైపు తిరిగింది. పైయేడా? కడుపుతో ఉన్న గొర్రెలు పైయేటిదాకా ఆగుతాయా?

జోలీన్ పెట్టెలు సర్దబోతూ ఆగింది. "ఇంతకీ తుపాకీ ఎవరిదండీ?"

"నాది." ఆ మాట ఇంత చిన్నగా వచ్చిందేమిటని డార్లాకే సిగ్గేసింది. జోలీన్ పెద్ద సైటు తీసి ఆమె చేతిలో పెట్టింది. వలయం మధ్య దానిమ్మగింజలాంటి చుక్క. తోకా లేదు, తొండమూ లేదు.

"గుండ్రంగా ఉంది రస్."

"నీకు ఏం చూడాలో తెలీదులే. నాకు సాగిపోయి కనబడుతుంటే!"

చురుక్కుమంది. ఆ మంట ఆరకముందే 'సాగిపోయి' అన్న మాట చెవిలో గంట కొట్టింది. కొట్టం దీపం సాగింది. చుక్కా సాగింది. ఏళ్లతరబడి అద్దాలు తుడిచిన ఆడదానికి ఒక సంగతి వేళ్లకే తెలుసు. మరక కిటికీదా, కళ్లజోడుదా అన్న అనుమానం వస్తే ఏదో ఒకటి కదపాలి. మరక దేనితో కదిలితే దానిది. ఇన్నాళ్లూ కిటికీని కదపడం కుదరలేదు, అంతే.

"తోక ఎటుంది రస్?"

"కుడివైపు, కిందకి."

"సైటు తలకిందులు చేసి చూడు."

"చేస్తే తోక పైకి పోతుంది. ఇందులో చూసేదేముంది?"

"పోయిందో లేదో చెప్పు."

రస్ తిప్పాడు. చూశాడు. అడ్డంగా తిప్పి చూశాడు. మళ్లీ నిటారుగా పెట్టి, ఈసారి తన తల భుజం మీదికి వంచాడు. సైటు ఎటు తిరిగినా తిరగని తోక, తలతోపాటు బుద్ధిగా వంగినట్టుంది, ఆయన నోరు తెరుచుకుంది. జోలీన్‌కి ఉన్నట్టుండి బల్ల తుడవాల్సిన అవసరం వచ్చింది.

"ఒరేయ్," అంది ఆర్డిస్, అల్లిక ఒళ్లో పడేసి, "సైటు కావాల్సింది తుపాకీకి. వచ్చింది నీకురా!"

డార్లా నవ్వు ఆపుకుంది. అనాలంటే నోటి నిండా మాటలున్నాయి. కానీ ఆ క్షణాన ఎందుకో అందరికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. తుపాకీ ఇచ్చిన అత్తగారికి, 'ఎవరిదండీ' అని అడిగిన జోలీన్‌కి, చేతులు పగిలేదాకా పాఠం చెప్పిన ఆ కిటికీకి. ఆఖరికి ఈ మనిషికి కూడా. వంకలు వెయ్యి పెడతాడు గానీ, కళ్లకు కనబడింది కనబడలేదని బుకాయించడం చేతకాదు.

"పెద్దదే ఇవ్వండి జోలీన్" అంది. గొంతు ఈసారి సరిగ్గా పలికింది. "ఆ బ్యాటరీలు మా సొరుగులో ఎప్పుడూ ఉంటాయి. గ్లవ్స్ తియ్యకుండా బటన్ నొక్కొచ్చు."

'చిన్నది తేలిక' అనబోయి రస్ ఆగాడు. టోపీ తీసి, తల వంచి దాన్ని చేతుల్లో తిప్పాడు.

"డార్లా, మన వంటింటి కిటికీకి..."

"ఊఁ."

"చారలెప్పుడూ లేవు కదూ?"

"లేవు."

ఆయన తలెత్తి, జోలీన్‌కీ తల్లికీ వినబడేలా అన్నాడు: "శుభ్రంగా ఉన్న అద్దాన్నే ఇన్నేళ్లూ కడిగించాను. తప్పు నాదే."